కసువు లేని ఊరు

నేను కాపురానికి వచ్చిన ఊళ్ళో సంతకం పెట్టగలిగిన మగవాళ్ళు కొందరు ఉన్నారు గానీ, కాగితం మీద నాలుగు ముక్కలు వరసగా రాయగలిగినదాన్ని నేనొక్కదాన్నే. మా పుట్టిల్లు బుక్కరాయసముద్రం. అక్కడి నుంచి అనంతపురానికి రోజూ నడిచి పోయి ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ చదువు వల్ల నాకు ఒరిగింది ఏమిటంటే, కొత్తచెరువు దారిలో ఉన్న ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొద్ది రోజులకే ఊరందరి జాబులూ, అర్జీలూ నా నెత్తిన పడ్డాయి.

సాయంకాలం సంగటి కెలికి, అందరికీ పెట్టి, గిన్నెలు తోమి, కాస్త నడుం వాలుద్దామనుకునే వేళకు అరుగు మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవాళ్ళు. "ఏమ్మా కోడలా, ఒక కాగితం గీకిస్తావా?" అనేవాళ్ళు. గీకడమట! కాదనడానికి లేదు. మా మామ ఊళ్ళో నలుగురూ మాట వినే మనిషి. "రాసియ్యమ్మా, పాపం" అని లోపలికి కేకవేసేవాడు. పాపం వాళ్ళకేనా, నాకు లేదా అని గొణుక్కుంటూ సిరాబుడ్డీ కలమూ తెచ్చుకుని గడప లోపల కూర్చునేదాన్ని.

రాసేవన్నీ సాయం అడిగే కాగితాలే. బావి తవ్వుకోవడానికి సర్కారు సాయం, పిల్లవాడికి హాస్టల్లో చోటు, దూరపు చుట్టంతో పెళ్ళి మాట. అడిగే మాట ఒక్కటే ఉండేది. అది బయటికి రావడానికి మాత్రం ఊరంతా చుట్టి రావాలి. ముందు మహారాజశ్రీలు, పాదపద్మాలు, సాష్టాంగ నమస్కారాలు. ఆ తర్వాత "ఇక్కడ మేమందరమూ క్షేమము, తమరి క్షేమము తెలియజేయవలెను." తర్వాత పెద్దవాళ్ళ క్షేమం, పిల్లల క్షేమం, ఎవరింట్లో పురుడు వచ్చింది, ఎవరి మనవడికి పళ్ళు వచ్చాయి. కాగితం అడుగున ఇక చోటు లేదన్నప్పుడు, గొంతు తగ్గించి, అసలు సంగతి చెప్పేవాళ్ళు. దాన్ని నేను అంచు పొడుగునా అడ్డంగా రాసేదాన్ని.

"అన్నీ క్షేమమని రాసినాక ఇంక సాయం యాటికని అడుగుతారు కదా, ముందే రాద్దాం ఆ మాట" అంటే, "మొగం మీద కొట్టినట్ల అడుగుతారామ్మా యాడన్నా?" అని నన్నే కసిరేవాళ్ళు.

మా పక్కింటి అవ్వకు రెండు కళ్ళకూ పొరలు వచ్చాయి. చిలమత్తూరులో ఉన్న తమ్ముడు వచ్చి తనను ఆస్పత్రికి తీసుకుపోవాలని ఆమె కోరిక. ఆమె చెప్పినట్లే రాశాను. క్షేమాలన్నీ అయ్యాక చివర్లో "నాకు కండ్లు కొంచెం మసకగా ఉన్నవి, నీవు వీలు చూసుకొని రాగలవు" అని పెట్టించింది. ఆ తమ్ముడి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. మీరందరూ క్షేమమని తెలిసి చాలా సంతోషించాము అని. అవ్వ ఆ కార్డును చేత్తో తడుముకుంటూ, "ఎప్పుడొస్తాడంట?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమెను అడక్కుండానే ఇంకో కార్డు తీసి "తమ్ముడా, నాకు కళ్ళు కనపడటం లేదు. నువ్వు వచ్చి నన్ను ఆస్పత్రికి తీసుకుపో" అని రాసి పడేశాను. చదివి వినిపిస్తే అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఇట్ల రాస్తే వాడు నన్ను అడుక్కుతినేదాన్ని అనుకోడామ్మా?" అంది. తమ్ముడు ఆ వారంలోనే బండి కట్టుకుని వచ్చాడు.

అప్పటి నుంచి నాకు ఒక మొండితనం పట్టుకుంది. ఎవరొచ్చినా "ఏం కావాల? అది చెప్పు ముందు" అనేదాన్ని. కావలసింది మొదటి వాక్యంలో రాసేదాన్ని. ఎప్పటిలోగా కావాలో రెండో వాక్యంలో రాసేదాన్ని. దండాలన్నీ కలిపి చివర ఒక్క దండం. ఊళ్ళో వాళ్ళకు అది నచ్చలేదు. మా అత్తతో "నీ కోడలు కాగితం మీద గూడా రంకెలేస్తాది" అనేవాళ్ళట. అత్త వచ్చి నాకు చెప్పి నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు. ఇంటి పని అలాగే ఉండేది, రాత పని దానికి తోడు. చేతులు గుంజేవి.

ఇక కరువు సంగతి. అరవైల నడుమ వచ్చింది అది. మా వైపు కరువు కొత్తేం కాదు, వానలు ఒక ఏడు ఎగ్గొడితే ఇంకో ఏడు వస్తాయని ఎదురు చూసుకుంటూ బతికేవాళ్ళమే. ఆ సారి వరసగా ఎగ్గొట్టాయి. వేరుశనగ పూతకు రాకముందే మాడింది. కాయ సంగతి దేవుడెరుగు, కాయ కోసుకున్నాక గొడ్లకు మిగలాల్సిన ఎండు తీగ కూడా చేతికి రాలేదు. వామిదొడ్లో గడ్డివామి తరిగి తరిగి, ఒక రోజు దాని అడుగున నేల కనిపించింది. కొట్టం మీద కప్పిన బోదను పీకి గొడ్లకు వేశాం. అదీ అయిపోయింది. గట్టు మీద నాగజెముడు కొట్టుకొచ్చి, ముళ్ళు కాల్చి, ముక్కలు చేసి పెట్టాం. ఎద్దులు దాన్ని నమిలేవి గానీ కళ్ళలో నీళ్ళు కారేవి. పొగకో బాధకో తెలియదు.

మా ఆయన ఆవుల్నీ గొర్రెల్నీ తోలుకుని మేత ఉన్నచోటు వెదుక్కుంటూ చిలమత్తూరు దాటి మైసూరు సీమలోకి పోయాడు. ఎద్దుల జత మాత్రం ఇంట్లోనే ఉండాలి. వాన ఏ రోజు పడితే ఆ రోజే మడక కట్టి దున్నాలి, పదును పోతే మళ్ళీ ఏడాది పోయినట్లే. అందుకని మామ వాటిని పంపలేదు. అవి మామ చేతుల మీద పెరిగిన కోడెలు. పొద్దున లేచి ముందు వాటి మెడ కింద నిమిరి, ఆ తర్వాతే ముఖం కడుక్కునేవాడు. ఇప్పుడు పొద్దున్నే కొడవలి, గోనెపట్టా తీసుకుని గుట్ట మీదికి పోయి, మధ్యాహ్నానికి గుప్పెడు ముళ్ళాకులతో తిరిగి వచ్చేవాడు. వచ్చి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అత్త సంగటి పెడితే సగం తిని, మిగిలిన ముద్ద తీసుకుపోయి ఎద్దుల నోట్లో పెట్టేవాడు. అత్త చూసీ చూడనట్లు ఊరుకునేది.

ఆ రోజుల్లోనే పంచాయతీ సమితి ఆఫీసు వాళ్ళు కోస్తా నుంచి రైల్లో కసువు తెప్పించి ఊళ్ళకు పంచుతున్నారని సంతలో మాట వచ్చింది. మా వైపు కసువంటే గొడ్డు మేసే గడ్డి. అర్జీ పెట్టుకున్న ఊళ్ళకే ఇస్తారని కూడా అన్నారు. ఊళ్ళో పెద్దమనుషులందరూ మా అరుగు మీదికి చేరారు. నేను ఎప్పటిలాగే గడప లోపల కూర్చున్నాను. ఇంత తేలికైన అర్జీ నేను ఎప్పుడూ రాయలేదనుకున్నాను. రాసి, చదివాను.

"మా ఊరి ఎద్దులు మేత లేక పస్తులు ఉంటున్నాయి. అవి చచ్చిపోకముందే మాకు మేత పంపించండి."

మామ గడప వైపు తిరిగి అన్నాడు. "కొట్టేయమ్మా ఆ మాట."

"యా మాట మామా?"

"పస్తులనే మాట. చచ్చిపోతాయనే మాట. ఎద్దులనే మాట గూడా కొట్టేయ్."

"ఎద్దులే లేకుంటే ఇంక మేత ఎవరికి మామా?"

"గొడ్డును ఇంట్లో కట్టేసుకొని దాని కడుపుకు పెట్టలేనోడు ఒక రైతా? ఆ మాట కింద నా పేరు ఉండకూడదమ్మా. ఆఫీసులో పదిమంది చదువుతారు. పలానా ఊర్లో పలానావోడు ఎద్దులను మాడ్చి చంపుతాండాడని సంతలో చెప్పుకోవల్లనా?" తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "చస్తాయని రాసేది వద్దే వద్దు. నోటితో అంటేనే కీడు. కాగితంలో పెడతావా?"

మిగతావాళ్ళందరూ తల ఊపారు. ఒక్కరైనా నా పక్కన మాట్లాడతారేమోనని చూశాను. అందరి ఇళ్ళలోనూ ఎముకలు తేలిన గొడ్లే, అందరికీ అదే సిగ్గు.

"మరి ఏమని రాసేది?" అన్నాను విసుగ్గా.

"ఊర్లో కసువు లేదని రాయి. చాలు. కసువు లేదంటే ఆఫీసులో ఉండే ఆయప్పకు తెలీదా? కసువు మనుషులు తింటారా?"

అందరూ నవ్వారు. నాకు వాదించే ఓపిక లేదు. పొయ్యి మీద ఎసరు కాగుతోంది, పొద్దున్నుంచీ నీళ్ళ కోసం దిగుడుబావికి తిరిగి తిరిగి కాళ్ళు పీకుతున్నాయి. మామ చెప్పినట్లే రాశాను. "మా ఊరిలో కసువు లేదు. ఏ మూల వెదికినా ఒక్క పోచ దొరకదు. తమరు స్వయంగా వచ్చి చూస్తే తెలుస్తుంది. మా ఊరిని గమనించ ప్రార్థన." చదివితే మామ ముఖం తేట పడింది. "ఇదీ మర్యాదగా ఉండాది" అన్నాడు. అందరూ సంతకాలు, వేలిముద్రలు పెట్టారు.

జవాబు త్వరగానే వచ్చింది. మీ అర్జీ అందినది, మీ గ్రామమును స్వయముగా చూచుటకు వచ్చుచున్నాము అని, వచ్చే రోజు కూడా వేశారు. సర్కారు కాగితం అంత తొందరగా కదలడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. ఊరికి ప్రాణం లేచి వచ్చింది. జీపు ముందు వస్తుంది, దాని వెనక కసువు లారీ వస్తుంది అని లెక్క వేసుకున్నారు. కసువు దించడానికి చోటు కావాలి గదా అని ఎవరి వామిదొడ్డిని వాళ్ళు చిమ్మి, రాళ్ళు ఏరి, చదును చేసి పెట్టారు. వీధులు కూడా ఊడ్చారు. ఊడ్చడానికి ఏముంది? గొడ్లు గోడ వారల ఉన్న పుల్లను కూడా వదల్లేదు. పేడకడీ పడిందంటే ఎవరో ఒకరు పిడకకు ఎత్తుకుపోతున్నారు. మా ఊరు అంత నున్నగా ఎప్పుడూ లేదు.

వచ్చినాయన కొత్త ఆఫీసరు. గోదావరి వైపు మనిషి. వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. చిన్నపిల్లలకు కూడా "నమస్కారమండీ" అన్నాడు. వెనక లారీ రాలేదు. అది తర్వాత వస్తుందిలే అనుకున్నారు అందరూ. మామ ఆయన్ను వెంటబెట్టుకుని ఊరంతా తిప్పాడు. గొడ్లన్నీ కొట్టాల్లోనే ఉన్నాయి, ఆయన కంట పడలేదు. మా ఇంటి ముందుకు వచ్చేసరికి తలుపు చాటు నుంచి నాకు వాళ్ళ మాటలు వినిపించాయి.

"ఈడ గూడా చూడండి సార్. లేదు."

"నిజమేనండి. ఎక్కడా ఒక్క పరక లేదు."

"యాడా లేదు సార్. నెలలు గడిచిపాయ ఇట్లనే."

"నెలల తరబడి ఇలాగే ఉంచుతున్నారా? గొప్ప సంగతేనండి!"

"మేం ఉంచేదేముంది సార్, ఆ దేవుడే ఇట్ల పెట్టినాడు."

ఆఫీసరు ఆగి, మామ భుజం మీద చెయ్యి వేశాడు. మామ ఉబ్బిపోయాడు, సర్కారుకు మన బాధ అర్థమయిందని. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. చుట్టూ జనం నిలబడ్డారు. మజ్జిగ ఇద్దామంటే ఇంట్లో పాడి లేదు, చెంబుతో నీళ్ళు పంపాను. ఆయన తాగి, గొంతు సవరించుకుని మాట్లాడాడు. "మొన్న మీ కాగితం చూసి నేను నమ్మలేదండి. కసువు లేని ఊరు కూడా ఉంటుందా అనుకున్నాను. మా సమితిలో పరిశుభ్రమైన గ్రామానికి ఈ ఏడు బహుమతి పెట్టాం. అది మీ ఊరికే వస్తుంది. మిగతా ఊళ్ళ వాళ్ళు మిమ్మల్ని చూసి నేర్చుకోవాలి."

నాకు అప్పుడు తెలిసింది. ఇల్లు ఊడిస్తే చీపురు ముందు పోగుపడేదాన్ని కూడా కసువే అంటారు. మా వైపూ అంటారు, అన్ని వైపులా అంటారు. ఏ కసువు గురించి చెప్తున్నారో మనిషి ముఖం చూస్తే మాకు తెలిసిపోతుంది. ఆ ఆఫీసరుకు కాగితం తప్ప ముఖం కనపడలేదు. ఆయన ఊరివైపు గొడ్లు తినేది గడ్డి, మనుషులు చిమ్మేది కసువు. చెత్త లేదని చెప్పుకుని మురిసిపోయే ఊరు అనుకున్నాడు మమ్మల్ని. తలుపు చెక్కను పట్టుకుని నిలబడ్డాను. నవ్వు రాలేదు. లారీ రాదు అన్న ఒక్క మాటే నా తలలో తిరిగింది.

మామకు ఆ ఉపన్యాసం తలకెక్కలేదు. "ఏం నేర్చుకోవల్ల సార్ మా దగ్గర? కసువు ఎప్పుడిస్తారు?" అని అడిగాడు.

"కసువు ఇవ్వడమేమిటండీ?"

"గొడ్ల కసువు సార్. రైల్లో వచ్చిందంట గదా."

ఆఫీసరు ముఖంలో నవ్వు పోయింది. మంచివాడే, వెంటనే పట్టుకున్నాడు. "మేత గురించా మీరు రాసింది? పశువులకు మేత లేదా? ఎలా ఉన్నాయండీ మీ ఎద్దులు?"

అడగాల్సినవాడు ఎదురుగా వచ్చి కూర్చుని, అడగాల్సిన మాటే అడిగాడు. ఇంతకంటే ఏం కావాలి? నేను తలుపు సందులోంచి మామ నోటి వంక చూశాను. మామ చుట్టూ నిలబడ్డ ఊరినంతా ఒకసారి చూశాడు. మీసం సవరించుకున్నాడు.

"మా ఎద్దులకేం సార్. బాగుండాయి."

పక్కాయనను అడిగితే అతనూ "బాగుండాయి సార్" అన్నాడు. ఆ పక్కాయనా అదే మాట. ఒకరు ముందు నోరు విప్పి ఉంటే అందరూ విప్పేవాళ్ళు. ఎవరూ విప్పలేదు. ఆఫీసరు కాసేపు చూసి, "సరేనండి, బాగున్నాయంటే అంతే చాలు. మేత బాగా ఇబ్బందిగా ఉన్న ఊళ్ళకు ముందు పంపుతున్నాం" అని లేచాడు.

ఆ రోజుల్లో కోడలు పరాయి మగవాడి ముందు, అందులోనూ మామ ఎదురుగా నోరెత్తడం లేదు. నాకు ఆ సంగతి ఆ క్షణంలో తట్టలేదని చెప్పను. తట్టింది. కానీ కొట్టంలో దాపటెద్దు, ఎడమ పక్క కట్టేది, రెండు రోజులుగా పడుకున్నది లేవలేదు. గడప దాటి అరుగు మీదికి వచ్చాను.

"సార్, మా ఎద్దులు బాగలేవు. ఒగటి లేయలేకుండా పడిపోయింది. ఆ కాగితం రాసింది నేనే. మా తట్టు కసువంటే గడ్డి. మీరొచ్చి కొట్టంలో చూడండి."

మామ తల దించుకున్నాడు. ఆఫీసరు ఏమీ అనకుండా చెప్పులు విప్పి కొట్టంలోకి వచ్చాడు. పడుకున్న ఎద్దు డొక్కలు చూశాడు. దాని ముందు పడి ఉన్న కాలిన నాగజెముడు ముక్కను చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టాడు. బయటికి వచ్చి మా అర్జీని జేబులోంచి తీసి చదివాడు. "ఇందులో ఎద్దు అన్న మాటే లేదేమండీ?" అన్నాడు. ఆయన ఎవర్నీ తప్పు పట్టడానికి అనలేదు, నిజంగా అర్థం కాక అడిగాడు. అందరూ నేల చూశారు.

"అమ్మా, ఇప్పుడే ఇంకోటి రాసివ్వండి, నాతో తీసుకుపోతాను" అన్నాడు నాతో. "ఏం కావాలో మొదట రాయండి. ఎన్ని పశువులకు కావాలో రాయండి. ఎప్పటిలోగా రాకపోతే ఏమవుతుందో కూడా దాచకుండా రాయండి. నా పైవాళ్ళు మొదటి రెండు మాటలు చదివి సంతకం పెట్టేస్తారు, మూడో మాట దాకా రారు."

ఆయన చెప్పక ముందే ఆ పద్ధతి నాకు తెలుసు. తెలిసి ఏం లాభం. మామ కొట్టేయించిన మాటలనే మళ్ళీ మొదట పెట్టి రాశాను. అందరూ సంతకాలు పెట్టారు. మామ కాగితం వంక చూడకుండా సంతకం గీసి, కలం నా చేతికి ఇవ్వకుండా అరుగు మీద పెట్టి కొట్టంలోకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి మామ నాతో మాట్లాడలేదు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ నన్ను "అమ్మా" అని తప్ప పిలవని మనిషి, ఇప్పుడు అత్తతో "ఆయమ్మకు చెప్పు, కుడితి పెట్టమని" అనేవాడు. నేను రెండడుగుల దూరంలో ఉంటే కూడా ఆయమ్మే. అత్త ఇద్దరి మధ్యా నలిగిపోయి, "నువ్వన్నా ఊరుకొనుంటే సరిపోయుండు" అని ఒక రోజు, "నువ్వు చెప్పింది మంచిదే అయింది" అని ఇంకో రోజు అనేది. ఊళ్ళో ఆడవాళ్ళు బావి దగ్గర నన్ను చూసి మాటలు ఆపేసేవాళ్ళు. ఒక విధంగా సుఖమే, అరుగు మీదికి కాగితాలు పట్టుకుని ఎవరూ రాలేదు. కానీ ఆ ఖాళీ సాయంకాలాలు నాకు విశ్రాంతిగా లేవు. కొట్టం వైపు చెవి పెట్టుకుని కూర్చునేదాన్ని.

ఆఫీసరు మాట తప్పలేదు. ఆయన చేతిలో ఉన్నంత వరకు తొందర చేశాడనే విన్నాను. కానీ మొదటి విడత గడ్డి అప్పటికే వేరే ఊళ్ళకు పోయింది. మా అర్జీ మొదటిసారే సరిగ్గా అర్థమై ఉంటే ఆ విడతలోనే మా వంతు వచ్చేదట. రెండో విడత రైలు దిగాలి, లారీ దొరకాలి. ఈ లోపల ఒక పొద్దున మామ కొట్టంలోంచి అత్తను పిలిచాడు. పిలిచిన తీరుకే మాకు తెలిసిపోయింది. దాపటెద్దు పోయింది. మామ ఏడవలేదు. దాని మెడ పట్టెడ విప్పి, దులిపి, గుంజకు తగిలించాడు. దాన్ని లాగి తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళతో "మెల్లగా పట్టండప్పా" అని మాత్రం అన్నాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే లారీ వచ్చింది. కోస్తా వరిగడ్డి. చీకటి కొట్టంలో కూడా పసుపచ్చగా మెరిసేంత మంచి గడ్డి. ఊరంతా పరుగెత్తింది. చిమ్మి పెట్టుకున్న వామిదొడ్లలో వామి లేచింది. మగవాళ్ళు గడ్డి మోపులు భుజానికి ఎత్తుకుని పిల్లల్లా నవ్వారు. నన్ను చూసి ముఖం తిప్పుకునేవాళ్ళు కూడా ఆ రోజు "అమ్మా, నీ పుణ్యం" అన్నారు. ఆ మాట వింటే నాకు సంతోషం కలగలేదు. అలసట ఒక్కటే కలిగింది.

సాయంత్రం నీళ్ళ బక్కెట తీసుకుని కొట్టంలోకి వెళ్ళాను. మామ మిగిలిన ఎద్దు ముందు గడ్డి వేసి, దాని పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు. అది అలవాటు లేని గడ్డిని వాసన చూసి, ఆగి, మళ్ళీ వాసన చూసి, మెల్లగా నమలడం మొదలుపెట్టింది. పక్కన రెండో ఎద్దు కట్టే చోటు ఊడ్చి ఉంది. వాన వచ్చినా ఒక ఎద్దుతో మడక సాగదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఆ చోటు వంక చూడలేదు.

"అమ్మా" అన్నాడు మామ. అన్ని రోజుల తర్వాత అదే మొదటి పిలుపు.

"ఊఁ, మామా."

"ఆ పొద్దు నేను కొట్టేయమంటి."

నేను బక్కెట చేత్తో పట్టుకునే నిలబడ్డాను.

"నాకు సదువు లేదు. సిగ్గయి అట్లంటి. నీకు తెలుసు గదమ్మా, అట్ల రాయకుంటే పని కాదని నీకు తెలుసు. తెలిసి యాల వింటివమ్మా నా మాట?"

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆ కోపంతో పాటే ఏడుపూ వచ్చింది. నన్ను ఈ ఊరికి పంపేటప్పుడు మా నాయన బండి దగ్గర నిలబడి ఒకే ఒక్క మాట చెప్పాడు. మామ మాట జవదాటొద్దు అని. ఆ మాట మామకు చెప్పలేదు. ఎద్దు ముందు బక్కెట పెట్టి, అది నీళ్ళు తాగేదాకా అక్కడే నిలబడి ఏడ్చాను.